ఇంటికి తీసుకెళ్ళమన్నారు

నాయన పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి ఊరెళ్ళాను. భోజనాలయ్యాక చుట్టాలు ఎవరి బస్సు టైముకి వాళ్ళు సర్దుకుంటుంటే, అమ్మ లోపలి గదిలో ఇనప్పెట్టె ముందేసుకుని కూర్చుంది. పట్టాదారు పాసు పుస్తకాలు, సొసైటీ రసీదులు, ఏనాటివో కరెంటు బిల్లులు. నాయన కాగితం పారేసే మనిషి కాదు. అన్నిటికీ అడుగున, విత్తనాల కంపెనీ ప్లాస్టిక్ కవర్లో, మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైన ఒక కాగితం ఉంది. ఓ మూలన ఎర్రటి మరక. రక్తం కాదు, మిరప్పొడి.

ఇన్నేళ్ళ తర్వాత అందులో ఘాటేముంటుంది? అయినా ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు తుమ్మొచ్చింది. అమ్మ ఆ కాగితం వంక చూసి, "నీ బ్రాడీపేట అడ్రసు" అంది. అని, ఇంట్లో కార్యం జరిగిన రోజన్న సంగతి కూడా మర్చిపోయి నవ్వింది.

*

నేనప్పుడు ఏడో తరగతి. సంక్రాంతి వెళ్ళిన వారానికి, కల్లం నుంచి మిరపకాయలు తోలుకొస్తుంటే వాగు గట్టు మీద బండి తిరగబడింది. నాయన కుడి తొడ మీదుగా చక్రం ఎక్కి దిగింది. 108 అంటే అప్పట్లో మాకు అష్టోత్తరం ఒక్కటే తెలుసు, ఆ బండ్లు వచ్చింది 2005లో కదా. తొడకి రెండు వైపులా వెదురు బద్దలు పెట్టి పంచెతో బిగించి, నులక మంచం మీదే ట్రాక్టరు ఎక్కించి కారంపూడి, అక్కణ్ణుంచి జీపులో గుంటూరు. బయల్దేరేటప్పుడు ఊళ్ళో సగం మంది పుత్తూరు కట్టు కట్టించమన్నారు. "పుత్తూరు ఎక్కడుందో తెలుసా? చిత్తూరు జిల్లా. అక్కడికి పోయేసరికి ఎముక దానంతటదే అతుక్కుంటుంది, వంకరగా" అన్నాడు మా మేనమామ. ఆయన గుంటూరుకు చాలాసార్లు వెళ్ళొచ్చిన మనిషి. అందుకని ఆయన మాటే నెగ్గింది.

మాదప్పుడు గుంటూరు జిల్లానే. పల్నాడు విడిగా జిల్లా అయింది 2022లో. కాగితాల మీద గుంటూరు మాదే గానీ, మాచర్ల వైపు వాళ్ళకి అది వంద కిలోమీటర్ల పైమాటే. మా ఊరి వాళ్ళు గుంటూరు వెళ్ళేది రెండు పనుల మీద. మిర్చి యార్డుకి, ఆసుపత్రికి. మొదటిదాంట్లో వచ్చింది రెండోదాంట్లో ఇచ్చి రావడం మామూలే.

కొత్తపేట సందుల్లో ఒక ఎముకల ఆసుపత్రి. పేరెందుకులెండి. మేడ మీద పొడుగాటి గది, అందులో పన్నెండు మంచాలు. నాయనది ఏడో నంబరు. మోకాలి కిందుగా ఎముకలోకి స్టీలు పిన్ను దించి, దానికి తాడు కట్టి, ఆ తాడు కప్పీ మీంచి మంచం చివరికి తెచ్చి బరువులు వేలాడదీశారు. ఆ బరువు మనిషిని కిందకి లాక్కుపోకుండా మంచం కాళ్ళ వైపు రెండు కోళ్ళ కింద ఇటుకలు పేర్చారు. అందుకని నాయన తల పల్లంలో, కాళ్ళు ఎత్తులో. ఆరు వారాలు ఆయన లోకాన్ని ఆ ఏటవాలు నుంచే చూశాడు. చూడ్డానికున్నదైనా ఒక్కటే, ఫ్యాను. దానికి మూడు రెక్కల్లో ఒకటి కాస్త వంగి, తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కుమనేది. ఫ్యాను ఆగితే కరెంటు పోయిందని కళ్ళు మూసుకునే చెప్పేవాడు.

*

నన్ను గుంటూరులో అట్టేపెట్టుకోవడానికి నాయన చెప్పిన కారణం ఒకటే. "చదువుకున్నోడు ఒకడు దగ్గరుండాలి." ఆ ఏడాది నాకు ఏడో తరగతి ఉమ్మడి పరీక్ష ఉంది. ఆ మాట అమ్మ గుర్తు చేసింది. నాయన ఒప్పుకోలేదు. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే.

చదువుకున్నోడి పనులేంటంటే, పొద్దున్నే అల్యూమినియం గిన్నె పట్టుకుని బండి దగ్గర ఇడ్లీ తేవడం, మందుల చీటీ షాపులో ఇచ్చి చిల్లర లెక్క చూసుకోవడం, సాయంత్రం బ్రాడీపేట నుంచి క్యారియర్ తేవడం. మా సరుకు వేసే కమీషన్ కొట్టాయన ఇల్లు అక్కడ. వాళ్ళావిడ వారంలో మూడు రోజులు పెరుగన్నం, మామిడల్లం పచ్చడి పంపేది. మిగతా రోజుల్లో ఆసుపత్రి వెనక వసారాలో అమ్మ కిరసనాయిలు స్టవ్వు మీద వండేది. సాయంత్రమైతే ఆ వసారాలో ఏడెనిమిది స్టవ్వులు ఒకేసారి బుస్సుమనేవి. ఒక్కొక్కరిది ఒక్కో పోపు వాసన.

అక్కడే నేను గుంటూరు విద్య ఒకటి నేర్చుకున్నాను. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రసుకి వీధి పేర్లక్కర్లేదు. 4/7 అని రాస్తే చాలు, నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. మొదటిసారి మామ వెంట వెళ్ళాను. రెండోసారి నుంచి ఒక్కణ్ణే. శంకర్ విలాస్ సెంటర్లో రిక్షావాళ్ళతో "ఫోర్ బై సెవెన్" అనడం నాకెంత గొప్పగా ఉండేదో! ఊరెళ్ళాక మా క్లాసులో వాళ్ళకి ఇది చెప్పి దడిపించాలని రోజూ అనుకునేవాణ్ణి. ఈ విద్యే తర్వాత మా కొంప ముంచింది.

ఆ గదిలో ఎవరికీ పేర్లుండేవి కాదు, ఊళ్ళే. ఆరో నంబరు రేపల్లె ఆయన. తాటిచెట్టు మీంచి పడ్డాడు, కల్లు గీసే మనిషి. రెండు కాళ్ళూ పిండికట్టులో ఉన్నా నోరు మాత్రం ఖాళీగా ఉండేది కాదు. తొమ్మిదో నంబరు వినుకొండ ముసలమ్మ, తొంటి విరిగింది. మేం మాచర్లోళ్ళం. మాది మాచర్ల కాదని అమ్మ రెండు మూడుసార్లు చెప్పి చూసి ఊరుకుంది. రేపల్లె ఆయనకి నాయన కంటే నెల ముందు అనుభవం ఉంది. డాక్టరుగారు ఏదైనా చెప్పి పక్క మంచానికి వెళ్ళగానే, "ఇప్పుడాయన ఏవన్నాడంటే..." అని మాకు ఆయన మళ్ళీ చెప్పేవాడు. అసలు వైద్యం మాకు అర్థమైంది ఈయన నోటనే.

*

ఆరు వారాలయ్యాక పిన్ను తీసి పెద్ద కట్టు వేశారు. రొమ్ము కింద నుంచి నడుము చుట్టి, కుడికాలు వేళ్ళ దాకా, ఎడమకాలు మోకాలి దాకా తెల్లటి సిమెంటు దిమ్మ. బాత్రూము పనికి మధ్యలో ఖాళీ. రెండు తొడలూ కదలకుండా మధ్యలో అడ్డంగా ఒక కర్ర పెట్టి దాన్నీ కట్టులో కలిపేశారు. ఎండటానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు రౌండులో డాక్టరుగారు వేలి కణుపుతో కట్టు మీద టక్ టక్‌మని కొట్టి చూసి, "ఇక ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నారు.

అంతే. పక్క మంచానికి వెళ్ళిపోయారు.

ఆ మాట కోసం ఆరు వారాలుగా చూస్తున్నామా, తీరా వచ్చాక ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎట్లా తీసుకెళ్ళాలి? నడుం వంగదు, కూర్చోలేడు, పక్కకి తిరగాలన్నా ఇద్దరు పట్టాలి. బస్సులో సీటు కాదు కదా, గుమ్మంలోంచే పట్టడు. ఆసుపత్రిలో చేరడానికి వచ్చేటప్పుడు ఊరు ఊరంతా చెయ్యేసింది. వెళ్ళేటప్పుడు ఎవరున్నారు?

పైగా ఆ రోజు శివరాత్రి. వ్యాన్లూ జీపులూ అన్నీ కోటప్పకొండ తిరనాళ్ళకి కట్టుకుని పోయాయి. మామ పొద్దున్నించీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. రెండు రోజులాగి వెళదామంటే అమ్మ వినదు. తెల్లారితే అమావాస్య. అమావాస్య రోజు బయల్దేరదు, అమావాస్య దాకా ఆసుపత్రిలో ఉండనూ ఉండదు. "మంచం ఖాళీ చెయ్యమన్నాక ఒక్క పూట ఉన్నా అరిష్టమే" అంది. మంచం అద్దె రోజు లెక్కన పడుతుందన్నది దాని అసలు అర్థం. అరిష్టమని అమ్మ అలా అనేది, అంతే.

బిల్లు కౌంటర్లో కట్టి రసీదు తెస్తే గాని కాగితం ఇవ్వరు. ఒక బర్రెని అమ్మిన డబ్బులు నాలుగో వారానికే అయిపోయాయి. మామ వెళ్ళి కమీషన్ కొట్టాయన్ని అడిగాడు. ఆయన మంచాడే. మంచాడే గానీ వ్యాపారస్తుడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, వచ్చే ఏడు పంట మొత్తం ఆయన కొట్టుకే వేయాలి. ఆ ఏడు మిరప ఇంకా కోత కూడా పూర్తవలేదు, వచ్చే ఏటి కాయ తాకట్టులోకి వెళ్ళిపోయింది. డబ్బు లెక్కపెట్టి ఇస్తూ ఆయనే, "నిన్న మీ వైపు సరుకు దించిన లారీ ఉంది. యార్డుకి సెలవు కాబట్టి ఖాళీగా పోతుంది. అందులో పడుకోబెట్టుకుని పోరాదూ?" అన్నాడట.

*

మామ ఎస్టీడీ బూతుకి పరిగెత్తాడు. మాకు దగ్గర్లో ఫోనున్నది పక్క ఊరి ఎరువుల కొట్టులో. లైను గరగరమంటోంది, మీటరు అంకెలు గిర్రున తిరుగుతున్నాయి. మామ అరిచిన మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"బావని ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు! లారీలో తెస్తున్నాం! రాత్రికొస్తాం! మా అత్తకి కబురు చెయ్యి!"

టక్కున పెట్టేశాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

*

మేడ మీద అమ్మ సామాను పంచిపెడుతోంది. ఆసుపత్రి నుంచి వెళ్ళేటప్పుడు ఏదీ మిగుల్చుకోకూడదు, ఉన్నవాళ్ళకి ఇచ్చిపోవాలి. ఆ గదిలో అదో ఆచారం. స్టవ్వులో మిగిలిన కిరసనాయిలు వినుకొండ వాళ్ళకి. సగం ఉన్న హార్లిక్స్ సీసా, నిమ్మకాయలు రేపల్లె ఆయనకి. మాకు స్టవ్వు కింద పెట్టుకునే చెక్క పీట ఇచ్చింది అంతకు ముందు ఏడో నంబరులో ఉండి వెళ్ళినవాళ్ళట. అది మంచంతో పాటే కొత్తగా వచ్చేవాళ్ళకి. ఆయాకి, వార్డు బాయ్‌కి సంతోషంగా ఎంతో కొంత.

సిస్టరమ్మ కాగితం తెచ్చి నాయన చేతికిచ్చింది. నాయన నాకిచ్చాడు. గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. సగం పేజీ, అంతా ఇంగ్లీషు, అదీ డాక్టరు చేతిరాత. నాయన పేరు తప్ప ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మధ్యలో "ఎన్.డబ్ల్యూ.బీ." అని మూడు పెద్దక్షరాలు, కింద రెండు గీతలు. కాలు మీద బరువు మోపకూడదని దాని అర్థం. ఆ సంగతి నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది.

"ఏం రాశార్రా?" అన్నాడు నాయన.

"అంతా బాగుందని రాశారు."

చివరి లైను ఒక్కటి మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది. "ఆర్/ఏ 6/52." ప్రాణం లేచొచ్చింది. "ఇదుగో, అడ్రసు కూడా ఇచ్చారు! బ్రాడీపేట ఆరో లైను, యాభై రెండో అడ్డరోడ్డు. ఈసారి చూపించుకోవాలంటే అక్కడికి రమ్మంటున్నారు. డాక్టరుగారి ఇల్లయ్యుంటుంది." నాయన మొహం వెలిగిపోయింది. రేపల్లె ఆయన, "మాచర్లోళ్ళ పిల్లాడు గట్టోడే" అన్నాడు. ఆయనకీ చదువు రాదు పాపం.

ఎప్పుడు రమ్మన్నారో అడగాలని మా ఎవ్వరికీ తోచలేదు. అడ్రసు దొరికింది కదా.

ఇక బయల్దేరడమే అనుకుంటే అమ్మకి మాట పెగల్లేదు. ఎవరింటి నుంచైనా వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాం" అంటాం. ఆసుపత్రిలో అట్లా ఎట్లా అంటాం, మళ్ళీ రావాలని ఎవరనుకుంటారు? పోనీ "వెళ్తున్నాం" అందామా, అది మరీ అపశకునం. ఆరు వారాలు ఒక కుటుంబంలా బతికిన మనుషుల్ని ఊరికే ఎట్లా వదిలిపోవడం? అమ్మ గుమ్మం దగ్గర కొంగు పట్టుకుని నిలబడిపోయింది. వినుకొండ ముసలమ్మే గట్టెక్కించింది. "ఏమీ అనబాకమ్మా. తిరిగి చూడకుండా పో" అంది. అమ్మ అట్లాగే వచ్చేసింది, మెట్లు దిగేదాకా ముక్కు చీదుకుంటూ.

*

నాయన్ని దించడానికి కమీషన్ కొట్టాయన యార్డు ముఠా వాళ్ళని నలుగుర్ని పంపాడు. రోజంతా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే భుజాలు. సెలవు రోజున పిలిచినా కసురుకోలేదు. నాయన్ని ఎగాదిగా చూసి, వాళ్ళలో పెద్దాయన, "రెండు టిక్కీలు కూడా ఉండడు" అన్నాడు. అని, పట్టుకోవడానికి వీలుగా కనపడింది కదాని తొడల మధ్య ఉన్న ఆ అడ్డకర్ర మీద చెయ్యి వేశాడు.

"కర్ర ముట్టుకోబాకయ్యో!" రేపల్లె ఆయన అరుపుకి గది అదిరింది. "అది పిడి కాదు! దాన్ని పట్టి ఎత్తితే కట్టు పగిలి లోపల ఎముక జరుగుద్ది! నడుం కింద చేతులెయ్యండి, నడుం కింద!"

ఆ ఒక్క జాగ్రత్త కాగితంలో ఉందో లేదో నాకు తెలీదు. ఆ కాలు నిలిచింది మాత్రం ఆ తాటిచెట్ల మనిషి పుణ్యాన. ఆయన మళ్ళీ నడిచాడో లేదో మాకెప్పటికీ తెలియలేదు.

లారీలో ఖాళీ గోతాలు మోకాలెత్తున పరిచి వాటి మీద నులక మంచం పెట్టారు. ఆ గోతాలు ముందు రోజు దాకా మిరపకాయలున్నవి. ఎక్కీ ఎక్కగానే ఆ ఘాటుకి నాకు కళ్ళమ్మట నీళ్ళు. నాయన తుమ్మాడు. తుమ్మి "అమ్మా" అన్నాడు, కట్టు లోపల పొట్ట బిగిసింది. ఆయన వెల్లకిలా తప్ప పడుకోలేడు, మొహం పక్కకి తిప్పుకున్నా దుమ్ము వదలదు. అమ్మ ఒక తడి తువ్వాలు ఆయన మొహం మీద కప్పింది. చలికి రెండు దుప్పట్లు కాళ్ళ నుంచి గడ్డం దాకా.

*

నరసరావుపేట మీదుగా పోతే తిరనాళ్ళ జనంలో తెల్లార్లూ ఇరుక్కుంటామని డ్రైవరు సత్తెనపల్లి దారి పట్టాడు. మామ క్యాబిన్లో, అమ్మా నేనూ వెనక నాయన దగ్గర. ప్రతి గతుకుకీ ముందే డ్రైవరు హారను ఒకటి చిన్నగా కొట్టేవాడు, మేం మంచం పట్టీలు పట్టుకోవాలని. ఎవరూ అడగలేదు, అతనే పెట్టిన ఏర్పాటు అది. నాయన లెక్కపెడుతున్నాడు. సత్తెనపల్లికి నలభై ఒకటన్నాడు.

చీకటి పడ్డాక గాలి చల్లబడి దుమ్ము అణిగింది. తువ్వాలు తియ్యమన్నాడు. తీశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. శివరాత్రి చీకటి, ఆకాశం నిండా చుక్కలు. ఆరు వారాల తర్వాత ఫ్యాను కాకుండా ఇంకోటి చూడటం. "టిక్కుమనట్లేదేందిరా" అన్నాడు, నవ్వాడు, నవ్వితే మళ్ళీ కట్టు నొక్కింది.

పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీలు ఎర్రగా కాలుతున్నాయి. డ్రైవరు టీకి ఆపాడు. అమ్మ ఉపవాసం, టీ కూడా తాగలేదు. ఆ రాత్రి ఆమెకి జాగారం వేరే చేయాల్సిన పని లేకపోయింది. బయల్దేరాక వెనక నుంచి ఏదో బండి దుమ్ము రేపుకుంటూ దాటిపోతే నాయన తువ్వాలు మళ్ళీ మొహం మీదకి లాక్కున్నాడు. అట్లాగే నిద్రపోయాడు.

*

మా ఊళ్ళో శివాలయం ముందు ఆ రాత్రి బుర్రకథ. జాగారానికి ఊరంతా అక్కడే. ఎరువుల కొట్టు కుర్రాడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి కబురు చెప్పింది సాయంత్రం. మామ చెప్పిన మాటే చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారంట. లారీలో తెస్తున్నారంట.

మా వైపు ఈ మాటకి ఒకటే అర్థం. బాగైతే "ఇంటికి పంపారు" అంటాం. "ఇంటికి తీసుకెళ్ళమన్నారు" అంటే డాక్టర్లు చేతులెత్తేశారని. బతికున్న మనిషిని లారీలో ఎవరు తెస్తారు?

లారీ ఊరి మొగలో మలుపు తిరగ్గానే బుర్రకథ ఆగిపోయింది. ఆ లైట్ల వెలుగులో జనం పరిగెత్తుకుంటూ రావడం నేను చూశాను. నాయన్ని చూడ్డానికి ఇంతమంది వస్తున్నారని నాకు సంబరం. అప్పుడు ఏడుపులు వినపడ్డాయి. నాయనమ్మ జుట్టు విరబోసుకుని, "నా కొడకా, నన్ను ముందు పోనియ్యకుండానే పోయావా" అంటూ లారీ చక్రానికి అడ్డం వచ్చి పడింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఎవరో వెనక తలుపు పట్టీ తీశారు. పెట్రోమాక్స్ లైటు పైకెత్తారు. నులక మంచం, కాళ్ళ నుంచి దుప్పటి, మొహం మీద గుడ్డ. పక్కన అమ్మ, ఏం జరుగుతోందో అంతుపట్టక నోరు తెరుచుకుని.

బ్రేకు ఊపుకి గోతాల్లోంచి దుమ్ము లేచింది.

గుడ్డ కింద నాయన తుమ్మాడు.

ఒక్క క్షణం ఊరంతా గప్‌చుప్. అంత ఏడుపులోనూ నాయనమ్మ నోట అలవాటు కొద్దీ "చిరంజీవ!" అని వచ్చేసింది. వచ్చాక, అన్నదేంటో ఆమెకే అర్థమై, చక్రం పక్కనే చతికిలబడి ఈసారి మళ్ళీ మొదట్నుంచి ఏడ్చింది. నాయన తువ్వాలు తీసి చుట్టూ చూసి, "ఏమైందే? ఎవరు పోయారు?" అన్నాడు.

బుర్రకథ వాళ్ళు ఆ రాత్రి మళ్ళీ మొదలెట్టలేదు. మా వాకిట్లోనే తెల్లారింది అందరికీ.

*

తర్వాత రెండు నెలలు మా ఇల్లు సత్రమే. వచ్చినవాళ్ళందరూ కట్టు మీద వేలితో కొట్టి చూసేవాళ్ళు. నాయనమ్మ రోజు విడిచి రోజు నల్లేరు పచ్చడి చేసేది, ఎముక అతుక్కోవడానికి దాన్ని మించింది లేదంటుంది. నాలిక దురద పెట్టినా నాయన నోరెత్తకుండా తినేవాడు. కట్టు లోపల దురదకి అమ్మ తాటాకు విసనకర్ర కాడ అరగదీసి ఇచ్చింది.

తొమ్మిదో వారంలో కట్టు వదులై అటూ ఇటూ ఆడటం మొదలెట్టింది. ముందు అడ్రసు చూసొద్దామని మామా నేనూ గుంటూరు బయల్దేరాం. శంకర్ విలాస్ సెంటర్లో రిక్షా ఎక్కి నేను దర్జాగా "సిక్స్ బై ఫిఫ్టీ టూ" అన్నాను. రిక్షా ఆయన తొక్కటం ఆపి వెనక్కి తిరిగాడు. "బ్రాడీపేటలో అన్ని అడ్డరోడ్లెక్కడున్నాయి బాబూ? యాభై రెండో అడ్డరోడ్డంటే పొలాల్లోకి పోవాలి."

కొత్తపేట వెళ్ళి ఆసుపత్రిలో అడిగాం. కాగితం చూసి సిస్టరమ్మ నుదురు కొట్టుకుంది. సంవత్సరానికి యాభై రెండు వారాలు. అందులో ఆరు. ఆరు వారాలకి వచ్చి చూపించుకోవాలని. డాక్టర్లందరూ అట్లాగే రాస్తారట.

మామ నన్నేమీ అనలేదు. గోలీ సోడా కొనిపెట్టాడు. అది దిగితే ఒట్టు.

ఎముక బాగానే అతుక్కుంది. మోకాలు మాత్రం బిగిసిపోయింది. ఎన్ని నూనెలు రాసినా సగానికి మించి వంగలేదు. ఆ మూడు వారాల ఆలస్యం వల్లేనని ఎవరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అప్పట్నుంచి నాయన పంక్తిలో బాసింపట్టు వేసుక్కూర్చుని తిన్నది లేదు. పెళ్ళిళ్ళలో ఒక మూల కుర్చీ వేయించుకునేవాడు. ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాకు బ్రాడీపేట గుర్తొచ్చేది. ఆయన మాత్రం ఎవరడిగినా, "మావాడు అడ్రసు కనుక్కొచ్చేసరికి ఆలస్యమైంది" అని చెప్పి నవ్వించేవాడు. కట్టు కోసినప్పుడు వచ్చిన ఆ అడ్డకర్రని ఇంటికి తెచ్చుకుని గొడ్ల చావిడి తలుపుకి గడియ చేశాడు.

*

పోయినేడు మాఘమాసంలో నాయన్ని గుంటూరులోనే చేర్చాం. ఈసారి ఊపిరితిత్తులు. ఐదో రోజు సాయంత్రం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. కుర్రాడు, నా కొడుకు వయసు. ఆ మాట అనడం అతనికీ కష్టంగానే ఉంది.

డిశ్చార్జ్ కాగితాలు తొమ్మిది పేజీలు, శుభ్రంగా కంప్యూటర్లో కొట్టినవి. ఇప్పుడు అన్నీ చదవగలను. చివరి పేజీలో మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో రాసే చోటు ఉంటుంది. అక్కడ ఏమీ రాయలేదు.

లోపలికి వెళితే నాయన మేలుకునే ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"డిశ్చార్జ్ చేస్తున్నారు నాయనా."

"ఇంటికి పంపిస్తున్నారా, తీసుకెళ్ళమన్నారా?"

నేను ఫ్లాస్కు మూత బిగించుకుంటూ "పంపిస్తున్నారు" అన్నాను.

కాసేపు నా వైపే చూశాడు. "సరే. లారీకి చెప్పావా మరి?"

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని బయల్దేరాం. చుట్టుగుంట దగ్గర యార్డు వైపు లారీలు బారులు తీరి ఉన్నాయి, మిరప సీజను. ట్రాఫిక్కులో ఆగాం. నాయన మాస్కు పక్కకి జరిపి, అద్దం తియ్యమని చేత్తో సైగ చేశాడు. పక్కనున్న చిన్న అద్దం జరిపాను. ఘాటు ఒక్కసారిగా లోపలికి కొట్టింది. నేను తుమ్మాను.

"చిరంజీవ" అన్నాడు నాయన.